కారణం అన్న గడి

ఆ పిల్లల బడిలో ఆమెకు 'అంటే టీచరు' అని పేరు. తోటి టీచర్లు వెక్కిరింతకి పెట్టిన పేరది. ఎవరు ఏ మాట అన్నా వెంటనే "అంటే?" అని అడుగుతుంది మరి. మూడేళ్ళు నిండి అయిదు దాటని పిల్లలు పద్దెనిమిది మంది ఆమె గదిలో ఉంటారు. ఆ వయసు పిల్లలకి మాటలు నేర్పడమంటే రంగుల పేర్లు, జంతువుల పేర్లు వల్లె వేయించడమని చాలామంది అనుకుంటారు. రంగుల పేర్లు ఎవరైనా నేర్పుతారు. తన ఒంట్లో ఏం జరుగుతోందో, తన కళ్ళముందు ఏం జరుగుతోందో ఉన్నదున్నట్టు చెప్పడం నేర్పాలంటేనే ఓపిక కావాలి. అంత ఓపిక పెద్దవాళ్ళకే లేదు, ఇక పిల్లలకి ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఆమె గదిలో 'అది', 'ఇది' చెల్లవు. ఒకరోజు బొద్దుగా ఉండే ఒక పిల్లాడు చెయ్యి చాపి, "టీచర్, అది కావాలి" అన్నాడు. ఆమె వెళ్ళి తన గొడుగు తెచ్చి ఇచ్చింది. "ఇది కాదు, అదీ!" అన్నాడు. చీపురు తెచ్చింది. తర్వాత తన హ్యాండ్‌బ్యాగు, ఆ తర్వాత కుర్చీ. గదంతా పడి పడి నవ్వింది. వాడికి రోషం వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, "పై అరలో, నీలం డబ్బా పక్కన, పొట్టి పెన్సిలు!" అని అరిచాడు. పెన్సిలు వెంటనే చేతికొచ్చింది.

నొప్పి అన్నా అంతే. "మండుతోందా, సలుపుతోందా, గుచ్చుతోందా, లాగుతోందా?" అని అడిగేది. మొదట్లో పిల్లలు నాలుగింటికీ తలూపేవాళ్ళు. నాలుగు నెలలు తిరిగేసరికి, "కడుపు నొప్పి కాదు టీచర్, ఆకలి" అని తేల్చి చెప్పేవాళ్ళు తయారయ్యారు.

ఇదంతా తల్లిదండ్రులకి నచ్చేసిందని కాదు. ఒకాయన వచ్చి మొత్తుకున్నాడు. ఫోన్లో ఎవరికో "దారిలో ఉన్నా, వచ్చేస్తున్నా" అని చెబుతుంటే, వాళ్ళమ్మాయి పక్కనుంచి, "దారిలో లేవు నాన్నా, మంచం మీద ఉన్నావు" అని గట్టిగా అందట.

"మీరు మా పిల్లకి నేర్పేది ఇదేనా?" అన్నాడాయన.

"ఇదేనండీ," అంది అంటే టీచరు.

ఆ గదిలో అందరికంటే గట్టి పిండం గువ్వ. నాలుగేళ్ళ పిల్ల. ఎత్తు ఏది కనబడినా ఎక్కి కూర్చుంటుంది. కిటికీ అంచు, బల్ల, ఆయమ్మ వీపు, ఏదైనా సరే. అందుకే ఆ ముద్దుపేరు. తల్లి సిటీ బస్సు నడుపుతుంది. పొద్దుటి షిఫ్టు ఉన్న రోజున యూనిఫాంలోనే వచ్చి పిల్లని దింపి, డిపోకి పరుగు పెడుతుంది.

ఒక మంగళవారం గువ్వ టీచరు కొంగు పట్టుకుని లాగింది. "టీచర్, చెప్పుల స్టాండు బాలేదు."

వరండాలో, గది తలుపు పక్కనే ఉంటుంది ఆ స్టాండు. అయిదు అరలది, మనిషెత్తు ఉంటుంది, సన్నటిది. బడికి వచ్చి పది రోజులే అయింది.

"బాలేదంటే?"

"భయంగా ఉంది."

"భయం నీకా, స్టాండుకా?"

గువ్వ కిసుక్కున నవ్వింది. "నాకు. స్టాండు కదులుతోంది."

"కదలడాలు చాలా ఉన్నాయి. పక్కకి జరుగుతోందా? వణుకుతోందా? ఊగుతోందా?"

గువ్వ మారు మాట్లాడకుండా వరండాలోకి వెళ్ళింది. స్టాండుకి ఒక వేలు ఆనించి చూసింది. వంగి కింద కూడా చూసింది. తిరిగొచ్చి, ఒక్కో మాటా ఏరి చెప్పింది. "ఊగుతోంది. పైన ఊగుతోంది. కింద ఊగట్లేదు."

అంటే టీచరు మురిసిపోయింది. నాలుగేళ్ళ పిల్ల వెళ్ళి, చూసి, తేల్చుకుని వచ్చి చెప్పిన మాట! పిల్లలందరి చేతా చప్పట్లు కొట్టించింది. గోడకి 'ఈ వారం మాటలు' అని ఒక అట్ట వేలాడుతుంటుంది. దాని మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది: 'చెప్పుల స్టాండు పైన ఊగుతోంది, కింద ఊగట్లేదు. చెప్పింది గువ్వ, మంగళవారం.'

అన్నీ చేసింది గానీ, వరండాలోకి వెళ్ళి ఆ స్టాండు మీద చెయ్యి వేసి మాత్రం చూడలేదు. ఇలాంటి తప్పు ఇంకెవరూ చెయ్యరు, ఈవిడే చేస్తుంది. వేరే టీచరైతే "సర్లే పో" అని కసిరేది, లేదంటే లేచి వెళ్ళి చూసేది. మాట అంత సరిగ్గా కుదిరేసరికి, ఆ మాట దేని గురించో ఈవిడ కంటికి ఆనలేదు. దీన్ని మెత్తగా చెప్పే దారి లేదు. ఉన్నా చెప్పకూడదు.

శుక్రవారం పొద్దున్న స్టాండు పడింది. అప్పుడు ఆమె తలుపు దగ్గరే నిలబడి పిల్లల్ని లోపలికి పిలుస్తోంది. గువ్వ నేలమీద చతికిలబడి కూర్చుని ఉంది. ఎడమ చెప్పు తీసేసి, కుడి చెప్పు బెల్టు విప్పుకుంటోంది. స్టాండు పైభాగం ముందుకి వంగడం ఆమె స్పష్టంగా చూసింది. చెయ్యి చాచేలోపు పడనే పడింది.

గువ్వ కెవ్వుమంది. ఎడమకాలి బొటనవేలు అప్పటికప్పుడే నల్లబడి ఉబ్బిపోయింది. ఆమె పిల్లని ఎత్తుకుని, "ఎక్కడ తల్లీ?" అంటే, ఏడుపు మధ్యలోనే, "బొటనవేలు. లోపల కొట్టుకుంటోంది టీచర్" అంది. ఎముక చిట్లిందని ఆసుపత్రిలో కట్టు వేశారు. మూడు వారాలు కదలకూడదన్నారు. బడిలో మిగతా పదిహేడు మంది ఆయమ్మ ఒక్కదాని చేతుల్లో ఉన్నారు కాబట్టి అంటే టీచరు వెనక్కి రావాల్సొచ్చింది. తల్లి డిపో నుంచి వచ్చేసరికి ఆసుపత్రిలో ఉన్నది బడి మేనేజరు గారు ఒక్కరే.

సోమవారం మేనేజరు గారు ఆమెను ఆఫీసు గదిలోకి పిలిచారు. ఆవిడ చెడ్డ మనిషేమీ కాదు. ఆ బడిని ఒంటిచేత్తో నిలబెట్టిన మనిషి. బల్ల మీద ప్రమాదాల రిజిస్టరు తెరిచి ఉంది. పేజీ నిండా గడులు. తేదీ, సమయం, చోటు, దెబ్బ, అన్నీ సరిగ్గానే నింపారు. 'కారణం' అన్న గడిలో 'ఎక్కుతుండగా పడింది' అని ఉంది. దాని పక్కన, చూసినవాళ్ళ సంతకం గడి ఖాళీగా ఉంది.

"ఎవరు ఎక్కుతుండగా మేడం? పడింది ఏది?" అంది అంటే టీచరు.

"అంత విడమర్చి రాయక్కర్లేదు. ఆ పిల్ల ఎక్కని చోటు లేదని ఊరందరికీ తెలుసు. వాళ్ళమ్మ కూడా కాదనలేదు."

"నేను చూశాను. కూర్చుని ఉంది."

మేనేజరు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "వచ్చేవారం తనిఖీకి వస్తున్నారు. బడి మూతపడితే ఈ అరవై మంది పిల్లలూ ఎక్కడికి పోతారు? మనం రాసిందాని వల్ల ఆ పిల్లకి పోయేదేముంది చెప్పండి? నాలుగేళ్ళ పిల్లని ఎవరేమంటారు?" గొంతు తగ్గించారు. "నిజమే రాద్దామంటారా, మీ గోడ మీద అట్ట సంగతి కూడా రాయాలి. మంగళవారం అని తేదీతో సహా మీరే రాసి పెట్టారు. అట్ట తీసేయండి, ఇక్కడ సంతకం పెట్టండి. ఇద్దరం బయటపడతాం."

"రేపు చెబుతాను," అని లేచి వచ్చేసింది అంటే టీచరు. పద్దెనిమిది మందికి నీళ్ళు నమలొద్దని నేర్పిన మనిషి ఆ రోజు తానే నమిలింది.

సాయంత్రం వంటింట్లో భర్తకి చెప్పింది. ఆయన వడ్రంగి. మామూలుగా ఆయన మాటల్లో సగం 'అదీ ఇదీ'నే. "ఇందాకటిది దాని మీద పెట్టా చూడు" అంటాడు, ఇల్లంతా వెతుక్కోవడం ఆమె వంతు. పని మాట వస్తే మాత్రం మనిషి మారిపోతాడు.

"ఎత్తెంత? లోతెంత? గోడకి ఎక్కడ బిగించారు?" అని అడిగాడు.

"బిగించలేదు."

"అంత ఎత్తుది, అంత సన్నటిది, పైన గోడకి రెండు క్లాంపులు బిగించకుండా నిలబెట్టకూడదు. వాటిని స్టాండుతో పాటే పొట్లం కట్టి ఇస్తారు." చేతులు తుడుచుకుని, "సంతకం పెడతావా?" అన్నాడు.

"పెడితే ఉద్యోగం ఉంటుంది."

"నేనడిగింది అది కాదు."

ఆమె పొయ్యి మీది గిన్నె దింపి, కంచాలు పెట్టింది. ఆయన రెట్టించలేదు.

మర్నాడు పిల్లల కంచాలు కడుగుతున్న ఆయమ్మ దగ్గరికెళ్ళి క్లాంపుల పొట్లం గురించి అడిగింది.

"ఆ పొట్లమా? మేడం గారి సొరుగులో ఉంది. కొత్తగా రంగులేసిన గోడకి కన్నాలు పెడితే ఇంటి ఓనరు ఊరుకోడు, తర్వాత చూద్దాంలే అన్నారు," అంది ఆయమ్మ. చేతిలో కంచం అలాగే పట్టుకుని, "నేను చెప్పానని మాత్రం ఎక్కడా చెప్పకు తల్లీ," అంది. మళ్ళీ ఏమనుకుందో, "చెప్పినా ఫర్వాలేదులే. నా మోకాళ్ళు ఎలాగూ అరిగిపోయాయి, ఇంకెన్నాళ్ళు చేస్తాను!" అంది.

ఆ రోజు మేనేజరు గారు రెండుసార్లు కబురు పెట్టారు. రెండుసార్లూ ఆమె ఏదో పని కల్పించుకుంది. ధైర్యం రాలేదు, అంతే. తన తప్పు తన చేత్తో రాసుకోవడమంటే ఎవరికైనా భయమే.

బుధవారం రిజిస్టరులో సంతకానికని మేనేజరు గారు గువ్వ తల్లిని పిలిపించారు. డ్యూటీకి వెళ్ళే దారిలో, పిల్లని చంకనేసుకుని వచ్చిందామె. ఆఫీసు గది బయట బల్ల మీద పిల్లని కూర్చోబెట్టి, మంచినీళ్ళ కోసం అటు వెళ్ళింది. అంటే టీచరు గువ్వ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"కాలు ఎలా ఉంది?"

"బాగుంది."

"బాగుందంటే?"

గువ్వ తల వంచుకుంది.

"ఆ రోజు ఏమైంది గువ్వా? నాకు చెప్పు."

"నేను ఎక్కాను," అంది గువ్వ.

"ఎక్కావా? ఏ అర మీద కాలు పెట్టావు?"

"ఏమో. మేనేజరు మేడం చెప్పారు. అమ్మ చెప్పింది."

"వాళ్ళు చెప్పింది కాదు తల్లీ. నువ్వు చెప్పు. నువ్వు ఏం చేస్తున్నావు అప్పుడు?"

"ఏమో," అంది గువ్వ మళ్ళీ, కట్టు మీది దారం పీక్కుంటూ.

ఒక్క వేలు ఆనించి, పైన ఊగుతోంది, కింద ఊగట్లేదు అని చెప్పిన పిల్ల! ఆ నోట 'ఏమో' అన్న మాట ఆమె ఏనాడూ వినలేదు. పిల్లకి పోయేదేముంది అన్నారే మేనేజరు గారు, పోయేది ఇదీ. తన కళ్ళతో చూసిందాన్ని పెద్దవాళ్ళు కాదంటే, కాదు కాబోలు అనుకోవడం నాలుగు రోజుల్లో నేర్చేసుకుంది. ఆమె నాలుగు నెలలు చేసింది వీళ్ళు నాలుగు రోజుల్లో చెరిపేశారు. అంటే టీచరుకి ఒళ్ళు మండిపోయింది. తన మీద తనకే ఎక్కువ మండింది. భయం ఎటు పోయిందో పోయింది.

తల్లి రాగానే ముగ్గురూ కలిసి లోపలికి వెళ్ళారు. అంటే టీచరు కుర్చీలో కూర్చోకుండానే రిజిస్టరు తన వైపు తిప్పుకుంది. 'ఎక్కుతుండగా పడింది' అన్నదాన్ని, చదవడానికి వీలుగానే ఉండేట్టు, ఒక్క అడ్డగీత గీసి కొట్టేసింది. కింద రాయడం మొదలుపెట్టింది. గడి చాలలేదు. గడి దాటి అంచు మీదికి వెళ్ళింది, అంచు దాటి కింది గడిలోకి దిగింది.

"ఏం చేస్తున్నారు మీరు?" అన్నారు మేనేజరు గారు.

"కారణం రాస్తున్నాను మేడం."

రాసి, సంతకం పెట్టి, పైకి చదివింది. "పాప ఎక్కలేదు. నేలమీద కూర్చుని చెప్పు బెల్టు విప్పుకుంటోంది. స్టాండు పైనుంచి ముందుకి వంగి పాప ఎడమకాలి మీద పడింది. నేను చూశాను. స్టాండును గోడకి బిగించలేదు. బిగించడానికి ఇచ్చిన క్లాంపులు ఆఫీసు సొరుగులో ఉన్నాయి. పైన ఊగుతోందని పాప మంగళవారమే నాకు చెప్పింది. నేను విన్నాను. వెళ్ళి చూడలేదు. ఎవరికీ చెప్పలేదు."

తల్లి ఒక్క ఉదుటున లేచింది. "మంగళవారమే చెప్పిందా? మీకా?"

"నాకే."

"చెబితే ఏం చేశారు?"

"చప్పట్లు కొట్టించాను."

"చప్పట్లా!" తల్లి కళ్ళల్లోంచి నిప్పులు రాలాయి. "సిగ్గుగా లేదూ మీకు?"

"ఉందమ్మా," అంది అంటే టీచరు. ఇంకొక్క మాట కలపలేదు. కలిపితే అది సంజాయిషీ అయిపోతుంది.

మేనేజరు గారికి ఊపిరాడింది. "చూశారా? నేను కాపాడదామనే చూశాను. ఇక నావల్ల కాదు. టీచర్, రేపట్నుంచి మీరు రానక్కర్లేదు."

"రానక్కర్లేదంటే? రేపొక్కరోజా, ఎప్పటికీనా? సెలవిచ్చారా, తీసేశారా?"

"మీకు తెలీదా? అన్నీ విప్పి చెప్పాలా?"

"చెప్పాలి మేడం. తీసేస్తే తీసేశామని కాగితం మీద రాసివ్వండి. ఎందుకు తీసేశారో కూడా రాయండి. మంగళవారం చూడనందుకైతే అలాగే రాయండి, నోరు మూసుకుని పోతాను. ఇవాళ ఇది రాసినందుకైతే ఆ మాటే రాయండి. కాగితం చేతికొచ్చేదాకా రోజూ ఎనిమిదింటికి వస్తాను, నా గది నేను తెరుచుకుంటాను."

మేనేజరు గారు కాగితాల కట్ట అటూ ఇటూ సర్దారు గానీ ఏ కాగితమూ బయటికి తీయలేదు.

గువ్వ తల్లి ఇంకా నిలబడే ఉంది. ఆమె చూపు కొట్టేసిన వాక్యం మీద ఉంది. "మా డిపోలోనూ ఇంతే," అంది, ఎవరితోనూ కానట్టు. "బ్రేకు పట్టట్లేదని వారం ముందు రాసిస్తాం. బండి గుద్దుకున్నాక కాగితం మీద డ్రైవరు అజాగ్రత్త అని ఉంటుంది. ఆ మాట నామీద పడినప్పుడు నెల్లాళ్ళు నాకు అన్నం సయించలేదు. అదే మాట నా పిల్ల మీద వేస్తే, నేనే ముందు నమ్మాను."

గువ్వ ముందు గొంతుక్కూర్చుంది. "నువ్వు ఎక్కావా?"

గువ్వ మేనేజరు గారి వైపు చూసింది. తర్వాత టీచరు వైపు చూసింది. మాట అందించడం టీచరుకి చిటికెలో పని. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. పళ్ళు బిగబట్టి ఊరుకుంది. అంత కష్టమైన పని ఆమె ఆ బడిలో ఎన్నడూ చెయ్యలేదు.

"ఎక్కలేదు," అంది గువ్వ మెల్లగా. "కూర్చున్నాను." తన మాట తనకే నచ్చినట్టుంది, గది అదిరిపోయేలా అరిచింది. "ఎక్కలేదు!"

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"చెప్పాను. నువ్వు వినలేదు."

తల్లి పిల్ల తల నిమిరింది. "తప్పయిపోయింది తల్లీ. ఊరికే నిన్ను కోప్పడ్డాను."

"కోప్పడలేదు," అంది గువ్వ. "కొట్టావు."

తల్లి మొహం కందిపోయింది. ఇద్దరు పరాయివాళ్ళ ముందు ఆ మాట! దాటెయ్యాలంటే దారులు చాలానే ఉన్నాయి. చిన్నగా తట్టానులే అనొచ్చు. పిల్ల కదా, ఏదో అంటోంది అని నవ్వెయ్యొచ్చు. ఆమె ఆ దారులేవీ పట్టలేదు.

"కొట్టాను," అంది. "వీపు మీద. రెండు దెబ్బలు. కాలికి కట్టుండగానే కొట్టాను."

గువ్వ అవునన్నట్టు తలూపి, తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది.

తల్లి పిల్లని ఎత్తుకుని లేచింది. రిజిస్టరు మేనేజరు గారి వైపు తిప్పి ముందుకి తోసింది. "టీచరు రాసింది. నేను చెప్పాను. ఇక మీ వంతు మేడం."

"నాకు అవతల పనుంది," అన్నారు మేనేజరు గారు.

"నాకూ బస్సుంది. ఇవాళ దాన్ని వేరేవాళ్ళు నడుపుకుంటారు." ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. గువ్వ కట్టు వేసిన కాలు తీసి బల్ల మీద, రిజిస్టరు పక్కనే చాపుకుంది. అంటే టీచరు రెండో కుర్చీ లాక్కుంది. పక్క గదిలోంచి పిల్లల గోల, వాళ్ళని అదుపు చేయలేక ఆయమ్మ కేకలు వినబడుతూనే ఉన్నాయి. ముగ్గురిలో ఒక్కరూ కదల్లేదు.

చాలాసేపటికి మేనేజరు గారు కళ్ళజోడు పెట్టుకుని, రిజిస్టరు దగ్గరికి లాక్కుని, పెన్ను మూత తీశారు.